ఆరో నెల తరువాత: శంషాబాద్ పరిసరాల్లో పసితనపు ఎదుగుదల

శిశువుల ఎదుగుదల మీద కుటుంబాలకూ ప్రభుత్వ వ్యవస్థలకూ ఉన్న శ్రద్ధ ప్రధానంగా రెండు దశల్లో కనిపిస్తుంది. కాన్పు నుంచి ఆరో నెల వరకు సాగేది మొదటిది. మూడేళ్ళు నిండి బిడ్డ అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక తరగతిలోనో ప్రైవేటు బడిలోనో చేరినప్పుడు మొదలయ్యేది రెండోది. ఈ రెంటికీ నడుమ ఉన్న రెండున్నరేళ్ళలోనే బిడ్డ కూర్చుంటుంది, పాకుతుంది, నడుస్తుంది, మాటలు నేరుస్తుంది, తనవారెవరో కొత్తవారెవరో తేల్చుకుంటుంది. అయినా ఆ కాలంలో అంగన్‌వాడీ నుంచి ఆమెకు ప్రధానంగా అందేవి నెలకు రెండున్నర కిలోల బాలామృతం, కోడిగుడ్లు, త్రాసు మీద ఒక బరువు అంకె. టీకాల పట్టిక చూసినా ఇదే వరుస కనిపిస్తుంది. పుట్టినప్పుడు, ఆపై ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఆరోగ్య కార్యకర్త బిడ్డను చూస్తారు. తరువాతి ప్రధాన టీకాలు తొమ్మిది నెలలు నిండాక, ఆ పైన పదహారో నెల దాటాక. 2018లో మొదలైన గృహ సందర్శన కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు మూడో నెల నుంచి పదిహేనో నెల వరకు ఐదుసార్లు ఇంటికి రావలసి ఉండటం ఈ ఖాళీని కొంత పూడుస్తుంది. మిగిలిన కాలమంతా ఇంటిదే.

ఆ ఇల్లు ఎలాంటిదన్న ప్రశ్న హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న శంషాబాద్ ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించదగినది. 2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి వాణిజ్య విమానాలు నడవడం మొదలయ్యేనాటికి ఇది జొన్న, కూరగాయలు, పాడి మీద ఆధారపడిన పల్లెల ప్రాంతం. ఆ తరువాత భూములు చేతులు మారాయి, బయటి వలయ రహదారి వచ్చింది, గోదాములు, హోటళ్ళు, వెంచర్లు లేచాయి. మామిడిపల్లి, తొండుపల్లి, పాల్మాకుల, పెద్ద గోల్కొండ, ముచ్చింతల్ వంటి ఊళ్ళ పాత కుటుంబాల పక్కనే ఇప్పుడు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీలు, ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు, క్యాబ్ డ్రైవర్లు, సామాను ఎక్కించి దించే లోడర్లు, భద్రతా సిబ్బంది, విమాన సంస్థల ఉద్యోగులు అద్దె గదుల్లోనూ అపార్టుమెంట్లలోనూ నివసిస్తున్నారు. విమానాశ్రయానికి రాత్రి అనేది లేదు కాబట్టి దాని మీద బతికే ఇళ్ళలో పెద్దల వేళలు వారం వారం మారిపోతుంటాయి. ఆదాయాల్లో అంతరం ఎంత ఉన్నా ఈ కుటుంబాలన్నింటిలో పసిబిడ్డకు కరువయ్యేది ఒకటే: తొందర లేని ఒక పెద్ద మనిషి సమయం.

శారీరక వికాసానికి తెలుగు ఇళ్ళలో పాత కొలమానం ఒకటి ఉంది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు పంచే ఆచారం ప్రాంతాన్ని బట్టి కొద్ది తేడాలతో కొనసాగుతోంది. అరిసెలను నేల మీద పరిచి వాటి మీద తొలి అడుగులు వేయించే వేడుక నగరపు ఫంక్షన్ హాళ్ళకు కూడా చేరింది. ఈ వరుసలో శాస్త్రం కాదనవలసింది ఏమీ లేదు. కండరాల మీద అదుపు తల నుంచి కాళ్ళ వైపు, మొండెం నుంచి వేళ్ళ కొసల వైపు సాగుతుంది. అందువల్లనే మూడు నాలుగు నెలలకు మెడ నిలబడటం, ఆ తరువాత బోర్లా పడటం, కూర్చోవడం, నిలబడటం వరుసగా వస్తాయి, చేతిలోకి గిలక అందుకోవడం ముందు వచ్చి, బొటనవేలు చూపుడువేలు కలిపి నేల మీది మరమరాన్ని ఏరుకోవడం సుమారు తొమ్మిదో నెలకు గాని రాదు. ఆచారం ఒక్క చోట మౌనంగా ఉంటుంది. దాచిన వస్తువును వెతకడం, వేలితో చూపించడం, తల్లి ముఖం చూసి భయపడాలో వద్దో తేల్చుకోవడం వంటి పనులకు పిండివంట లేదు, ఎందుకంటే అవి పక్కన కూర్చుని చూసేవారికే కనిపిస్తాయి.

వరుస ఒకటే అయినా వేగం ఒకటి కాదన్న సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ప్రమాణాలు అంకెల్లో చూపాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, తమంతట తాము నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చునని ఆ పరిశీలన తేల్చింది. చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకే దశను నూటికి నలుగురైదుగురు పిల్లలు పూర్తిగా దాటవేశారు, వారికి ఏ లోపమూ లేదు. పక్కింటి బిడ్డ పదో నెలకే నడిచిందని ఏడాది నిండిన తమ బిడ్డను చక్రాల బండిలో నిలబెట్టే తల్లిదండ్రులు ఈ అంకెలు చూడటం మంచిది. వాకర్ అనే ఆ బండి నడక నేర్పదు. మెట్ల మీద నుంచి దొర్లిపడే ప్రమాదాల కారణంగా కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. బిడ్డకు కావలసినది శుభ్రమైన నేల, పట్టుకుని లేవడానికి ఒక మంచపు కోడు. పది అడుగుల అద్దె గదిలో గ్యాస్ పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, మంచం పోగా మిగిలే నేల ఎంతన్నది ఇక్కడ తీసిపారేయలేని విషయం.

ఇదే కాలంలో కంటికి కనిపించని పెరుగుదల తల లోపల సాగుతుంది. పుట్టినప్పుడు మెదడు బరువు పెద్దవారి మెదడులో దాదాపు నాలుగో వంతు. రెండేళ్ళు నిండేసరికి అది దాదాపు ముప్పావు వంతుకు చేరుతుంది. నాడీకణాలు ఒకదానితో ఒకటి సమాచారం అందించుకునే సంధులు ఈ వయసులో అవసరానికి మించి ఏర్పడి, వాడుకలో ఉన్నవి బలపడి, వాడనివి క్రమంగా తొలగిపోతాయి. నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఏర్పడటంతో సంకేతాల వేగం పెరుగుతుంది. ఆ పొర ఏర్పడటానికి ఇనుము కావాలి. తల్లి గర్భంలో బిడ్డ కూడబెట్టుకున్న ఇనుము నిల్వ సుమారు ఆరో నెలకు తరిగిపోతుంది, ఆపైన తల్లిపాలలో ఉండే ఇనుము చాలదు. అన్నప్రాశన ఆరో నెలలో జరిపే సంప్రదాయం ఈ లెక్కకు సరిగ్గా సరిపోయినా, వేడుక రోజున పాయసం నాకించి మళ్ళీ పదో నెల దాకా పాలతోనూ పలుచటి జావతోనూ నెట్టుకొచ్చే ఇళ్ళలో ఆ సంప్రదాయపు ప్రయోజనం నెరవేరదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు, ఐదేళ్ళ లోపు వారిలో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనట్టు నమోదు చేసింది.

తొలి ఏళ్ళలో అందే తిండి పెద్దయ్యాక ఏం చేస్తుందో తెలుసుకోవడానికి శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాయే ఒక అరుదైన ఆధారాన్ని ప్రపంచానికి అందించింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని 29 పల్లెల్లో ఒక పరిశీలన నిర్వహించారు. అప్పటికి అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం అన్ని మండలాలకు విస్తరించలేదు; పథకం అమలవుతున్న ఊళ్ళలో గర్భిణులకూ బాలింతలకూ ఆరేళ్ళ లోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండి మిశ్రమంతో వండిన ఉప్మా రోజూ పెట్టేవారు, పథకం ఇంకా చేరని ఊళ్ళలో అది లేదు. బిడ్డ పుట్టినప్పటి బరువు మీద ప్రభావం తెలుసుకోవడం అప్పటి ఉద్దేశం. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక సంజయ్ కిన్రా తదితరులు వారిని మళ్ళీ వెతికి పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు, వారి రక్తనాళాల బిరుసుతనం తక్కువగా, ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు మెరుగ్గా ఉన్నాయి. తరువాతి విశ్లేషణల్లో వారు బడిలో కొనసాగిన తరగతులు కూడా ఎక్కువేనని తేలింది. ఊళ్ళను చీటీ తీసి ఎంపిక చేయలేదు కాబట్టి ఈ తేడా మొత్తాన్నీ ఉప్మాకే అంటగట్టకూడదు. అయినా అంగన్‌వాడీ గిన్నెలోని తిండికి దశాబ్దాల తరువాత కొలిచిన ఫలితం అంటూ ఒకటి ఉండటం, అదీ ఈ మట్టి మీదనే ఉండటం చిన్న సంగతి కాదు.

తిండి ఎంత చేస్తుందో ఆ పరిశీలన చూపితే, తిండి ఒక్కటే చేయలేనిదేమిటో ఆ సంస్థకే చెందిన షహనాజ్ వజీర్, సహచరులు పక్కనున్న నల్లగొండ జిల్లాలో చేసిన ప్రయోగం చూపింది. 60 ఊళ్ళను లాటరీ పద్ధతిలో మూడు జట్లుగా విభజించి, మూడు నెలల వయసున్న 600 మంది పిల్లలను వారి పదిహేనో నెల దాకా అనుసరించారు. మొదటి జట్టుకు అంగన్‌వాడీ మామూలు సేవలే. రెండో జట్టు తల్లులకు ఏ వయసులో ఏం పెట్టాలో, ఎంత చిక్కగా పెట్టాలో ఇంటికి వెళ్ళి చెప్పారు. మూడో జట్టు తల్లులకు దానితోపాటు బిడ్డ సైగలను గమనించి తినిపించడం, బిడ్డతో ఆడటం, మాట్లాడటం నేర్పారు. ఇళ్ళకు వెళ్ళి చెప్పినవారు శిక్షణ పొందిన ఆయా ఊళ్ళ స్త్రీలే. పదిహేనో నెలకు రెండో, మూడో జట్ల పిల్లలు మొదటి జట్టు కంటే మెరుగైన ఆహారం తింటున్నారు. వయసుకు తగిన ఎత్తు లేకపోవడమనే సమస్య రెండో జట్టులో తగ్గింది. మానసిక వికాసాన్ని కొలిచే పరీక్షలో మాత్రం మొదటి జట్టును మించినది మూడో జట్టు ఒక్కటే. 2013లో వెలువడిన ఈ ఫలితం బాలామృతం ప్యాకెట్‌కు ఉన్న హద్దును స్పష్టంగా గీసింది: వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి కలిసిన ఆ పొడి ఎముకనూ కండనూ పెంచగలదు, ఎదురుగా కూర్చుని తినిపించే మనిషి చేసే పనిని అది చేయలేదు.

ఆ పని ఏమిటో ఒక పూట భోజనాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పదినెలల బిడ్డ ముందు మెత్తగా మెదిపిన పప్పన్నం, ఉడికించిన గుడ్డులో సగం ఉన్నాయి. రెండు ముద్దలు తిన్న బిడ్డ తల పక్కకు తిప్పి గిన్నె అంచును పట్టుకుంటుంది. తొందరలో ఉన్న పెద్దలు ఆ చేతిని తోసేసి, బుగ్గలు నొక్కి మూడో ముద్ద కుక్కుతారు, లేదా ఫోను ముందు పెట్టి బిడ్డ నోరు తెరిచిన క్షణంలో పెట్టేస్తారు. రెండు పద్ధతుల్లోనూ అన్నం లోపలికి పోతుంది, ఆకలికీ కడుపు నిండడానికీ తేడా తెలుసుకునే అవకాశం బిడ్డకు పోతుంది. తొందర లేనివారు గిన్నెను వదిలి, బిడ్డ వేళ్ళు అన్నంలో పెట్టి చూసుకునేదాకా ఆగి, తిన్నదానికి మెచ్చుకుని, బువ్వ, గుడ్డు, నీళ్ళు అని పేర్లు చెబుతూ మరో ముద్ద చూపిస్తారు. స్పందనాపూర్వకంగా తినిపించడమని పరిశోధకులు పిలిచేది దీన్నే. ఇందులో పోషణ ఉంది, వేళ్ళ నైపుణ్యం ఉంది, పదజాలం ఉంది, తన ఇష్టాయిష్టాలు ఎదుటివారికి పడుతున్నాయన్న నమ్మకం ఉంది. దీనికి అరగంట పడుతుంది. రాత్రి పది గంటల షిఫ్టు ముగించుకుని పొద్దున ఇల్లు చేరిన తల్లికి ఆ అరగంట ఎక్కడి నుంచి రావాలన్నదే అసలు చిక్కు.

బుద్ధి వికాసం అనే మాట వినగానే అక్షరాలు, అంకెలు, రంగుల పటాలు గుర్తుకు రావడం ఈనాటి అలవాటు. రెండేళ్ళ లోపు బిడ్డకు వాటితో పని లేదు. కంటికి కనిపించని వస్తువు కూడా ఉంటుందన్న ఎరుకను వస్తు స్థిరత్వ భావన అంటారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే తన పిల్లలను గమనించి ఇది సుమారు ఎనిమిదో నెలలో బయటపడుతుందని రాశాడు, ఆ ఎరుక ఛాయలు ఇంకా ముందే ఉంటాయని తరువాతి ప్రయోగాలు సూచించాయి. కొంగు చాటున ముఖం దాచుకుని ‘బూ’ అని బయటపెట్టే ఆటకు ఈ వయసు పిల్లలు పగలబడి నవ్వడానికి కారణం అదే. చెంచాను పదేపదే కింద పడేయడం కూడా అల్లరి కిందకు రాదు. పడేస్తే శబ్దం వస్తుంది, పడేస్తే అమ్మ తీసి ఇస్తుంది అన్న రెండు సిద్ధాంతాలను బిడ్డ ఒకేసారి పరీక్షిస్తూ ఉంటుంది. మూత ఉన్న స్టీలు డబ్బా, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు, కడిగిన టెంకాయ చిప్ప ఈ పరిశోధనకు చాలు. చదువుల బొమ్మలంటూ విమానాశ్రయపు దుకాణాల్లో అమ్మే ఖరీదైన వాటిలో చాలామటుకు బిడ్డ పనిని తామే చేసేస్తాయి.

భాష విషయంలో ఆరో నెలకూ పన్నెండో నెలకూ మధ్య జరిగేది మరింత ఆసక్తికరమైనది. గర్భంలో ఉండగానే చెవులు పనిచేయడం మొదలై, పుట్టిన కొద్ది రోజులకే శిశువు తల్లి గొంతును మరో స్త్రీ గొంతు నుంచి వేరు చేయగలుగుతుంది. రెండు మూడు నెలలకు ‘ఉంగా’ అంటుంది, ఆరేడు నెలలకు ‘బబబ’, ‘తతత’ అంటూ హల్లులను పేర్చుతుంది, ఏడాది నాటికి ఒకటో రెండో మాటలు పలుకుతుంది, రెండేళ్ళకు ‘అమ్మ రా’, ‘బువ్వ వద్దు’ అని రెండు మాటలు కలుపుతుంది. కెనడాకు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన ప్రయోగంలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళ శిశువులకు హిందీలోని దంత్య, మూర్ధన్య ధ్వనులను, అంటే త, ట వంటి జంటను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను సులువుగా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి దాదాపు పోయింది, హిందీ వింటూ పెరిగిన పిల్లల్లో నిలిచింది. పుట్టుకతో బిడ్డకు అన్ని భాషల ధ్వనులూ తెరిచే ఉంటాయి, చుట్టూ వినబడే భాష వాటిలో తనకు కావలసినవి నిలుపుకుంటుంది.

ఇక్కడ శంషాబాద్ బిడ్డ అదృష్టవంతురాలు. ఇంట్లో తెలుగు, వాకిట్లో దక్కనీ ఉర్దూ, పక్క గదిలో ఒడియా, అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గర హిందీ వింటూ పెరగడం ఆమె మెదడుకు భారం కాదు. రెండు భాషల ఇళ్ళ పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్న నమ్మకం విస్తారంగా ఉన్నా, వారి పదాలను ఒక్క భాషలోనే లెక్కించడం వల్ల వచ్చిన పొరపాటు అది. రెండు భాషల మాటలూ కలిపితే లెక్క సరిపోతుంది. ‘ఇంగ్లీషు మీడియంలో వేస్తాం కాబట్టి ఇప్పటి నుంచే’ అంటూ తమకు సరిగా రాని భాషలో బిడ్డతో పొడిపొడిగా మాట్లాడే తల్లిదండ్రులు, ధారాళంగా ఇవ్వగలిగిన భాషను ఆపి అరకొరదాన్ని ఇస్తున్నారు. అసలు ఏ భాష అన్న ప్రశ్న కంటే ఎవరు మాట్లాడుతున్నారన్నది ముఖ్యం. అమెరికాలో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా మాండరిన్‌ను వినిపించినప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడిన పిల్లలు ఆ ధ్వనులను నేర్చుకున్నారు. అదే మనిషి అవే మాటలను వీడియోలో చెప్పినప్పుడు ఏమీ నేర్చుకోలేదు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అలవాటు చేయవద్దని భారత శిశువైద్యుల సంఘం చెప్పడానికీ, ఏడాది లోపు పిల్లలకు అసలు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టం చేయడానికీ కళ్ళు పాడవుతాయన్న భయం ఒక్కటే కారణం కాదు.

విమానాల మోత సంగతి ఈ ప్రాంతంలో సహజంగానే అడుగుతారు. దీని మీద గట్టి ఆధారాలు బడి పిల్లలకు సంబంధించినవి. జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో విమానాశ్రయం ఒక చోటు నుంచి మరో చోటుకు మారినప్పుడు, కొత్త విమానాశ్రయం పక్క పిల్లల పఠనం, దీర్ఘకాలిక జ్ఞాపకశక్తి దెబ్బతినగా పాతదాని పక్క పిల్లల్లో అవి మెరుగుపడ్డాయి. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల చుట్టూ తొమ్మిది పదేళ్ళ పిల్లల మీద జరిపి 2005లో ప్రకటించిన పరిశోధన కూడా మోత పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకునే శక్తి తగ్గుతున్నట్టు చూపింది. శిశువుల విషయంలో వేరే ప్రయోగాల నుంచి తెలిసినదేమంటే, వెనుక నుంచి మాటల రొద ఎక్కువగా ఉన్నప్పుడు రెండేళ్ళ పిల్లలు కొత్త పదాన్ని పట్టుకోలేకపోతారు. విమానం రెండు నిమిషాల్లో దాటిపోతుంది; రోజంతా వాగే టీవీ దాటిపోదు. తొలి దాన్ని కుటుంబం ఆపలేదు, రెండో దాన్ని ఆపగలదు.

భావోద్వేగ వికాసమంటే బిడ్డ తన భయాన్నీ ఆనందాన్నీ కోపాన్నీ గుర్తించి, మరొకరి సాయంతో మొదట, తరువాత తనంతట తాను వాటిని అదుపులోకి తెచ్చుకోవడం. దీనికి పునాది అనుబంధం. బ్రిటన్‌లో జాన్ బౌల్బీ ప్రతిపాదించి మేరీ ఐన్స్‌వర్త్ పరిశీలనలతో నిలబెట్టిన ఈ భావన ప్రకారం, బిడ్డ తన ఏడుపుకు నమ్మకంగా స్పందించే కొద్దిమందిని ఎంచుకుని వారిని ఆధారం చేసుకుని లోకాన్ని చూడటానికి బయలుదేరుతుంది. కొద్దిమంది అన్న మాట ముఖ్యమైనది. తల్లి ఒక్కతే అయి ఉండాలన్న నియమం లేదు, నాయనమ్మ, తాత, పెద్దక్క కూడా ఆ స్థానంలో నిలవవచ్చు; కానీ వారానికొకరు మారితే కుదరదు. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగంలో, బిడ్డతో ఆడుకుంటున్న తల్లి కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో ఊరకే చూసింది. బిడ్డ మొదట నవ్వింది, చేతులు చాచింది, అరిచింది, చివరకు ముఖం తిప్పుకుని ముడుచుకుపోయింది. ఆనాడు ప్రయోగశాలలో కష్టపడి కల్పించిన ఆ నిర్వికార ముఖం ఫోను చూసే పెద్దల మీద ఇప్పుడు అప్రయత్నంగా కనిపిస్తుంది.

కొత్త ముఖం చూస్తే ఏడవడం, తనవారు కనుమరుగైతే గిలగిలలాడటం ఏడెనిమిది నెలలకు మొదలై రెండో ఏడు నడిమిదాకా సాగుతాయి. బిడ్డ అనుబంధం కుదిరిందనడానికి అవి గుర్తులు. పెద్దల ఏర్పాట్లన్నీ సరిగ్గా ఆ వయసుకు ముందే ముగియడం ఈ ప్రాంతంలో గమనించదగిన విషయం. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి ఉద్యోగినికి సాధారణంగా దొరికే వేతన సెలవు 26 వారాలు, అంటే ఆరు నెలలు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి కూతురి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళే తల్లులకు సందర్శకులుగా అక్కడ ఒక విడతకు సాధారణంగా దొరికే గడువు కూడా ఆరు నెలలే. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, వేడినీళ్ళు పోస్తూ ఒక్కో అవయవాన్ని పేరుపెట్టి పలకరించిన అమ్మమ్మ, ఆ బిడ్డ మనుషులను గుర్తుపట్టే వేళకు తిరుగు విమానం ఎక్కుతుంది. ఆమె స్థానంలో ఫోను తెర మీద రోజూ కనిపించే ముఖం బిడ్డకు పరిచయాన్ని నిలుపుతుంది, ఒడిని ఇవ్వదు. బిడ్డనే ఇక్కడికి పంపి నాయనమ్మ దగ్గర పెంచి, రెండేళ్ళకు తిరిగి తీసుకుపోయే కుటుంబాలు కూడా ఉన్నాయి. తప్పనిసరైనప్పుడు అది తప్పు కాదు. కొత్త సంరక్షకురాలు వచ్చాక పాతవారు కొన్ని వారాలు పక్కనే ఉండి చేతులు మార్చడం, చెప్పకుండా మాయమవడానికి బదులు చెప్పి వెళ్ళడం బిడ్డ బాధను తగ్గిస్తాయి.

బిడ్డ వెనుకబడిందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి’ అని సరిపెట్టుకోవడం తెలుగు ఇళ్ళలో పరిపాటి. మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోవడం, ఏడాదికి హల్లులతో కూడిన కూతలు లేకపోవడం, ఏడాదిన్నరకు వేలు చూపి అడగకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాట, నడక వెనక్కు పోవడం పరీక్ష చేయించవలసిన సూచనలు. వినికిడి లోపం వీటిలో అత్యంత మోసకారి, ఎందుకంటే చెవులు వినబడని శిశువు కూడా మొదటి నెలల్లో ‘ఉంగా’ అంటుంది, ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉంటారు. తేడా ఆరేడు నెలల తరువాత కూతలు పెరగకపోవడంలో బయటపడుతుంది. అందుకే నెల లోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స ఆరంభం అన్నది వైద్యులు పాటించే గడువు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర తోడ్పాటు కేంద్రానికి పంపాలి. నగరంలో నీలోఫర్ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఈ వయసు పిల్లలను చూస్తాయి.

మూడేళ్ళ లోపు ఖాళీని కేంద్ర ప్రభుత్వం కూడా ఆలస్యంగానైనా గుర్తించింది. 2024లో విడుదలైన నవచేతన అనే చట్రం పుట్టుక నుంచి 36 నెలల దాకా నెలవారీగా తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు చేయదగిన ఆటపాటలను క్యాలెండర్‌గా అమర్చింది. అది నిర్మాణ స్థలాలకూ ఇటుక బట్టీలకూ చేరడం కష్టం. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ళ లోపు పిల్లలకు గది, చూసుకునేవారు ఉండాలని 1996 నాటి చట్టమే నిర్దేశించింది; ఆ సంఖ్య కంటే తక్కువ మందిని పెట్టుకునే చిన్న కాంట్రాక్టరు దగ్గర రెండు కర్రల మధ్య కట్టిన చీర ఉయ్యాల, దాన్ని ఊపే ఆరేళ్ళ అక్క తప్ప మరేమీ ఉండవు. దసరా దాటాక పశ్చిమ ఒడిశా నుంచి బట్టీలకు వచ్చి వానలకు ముందు తిరిగిపోయే కుటుంబాల్లో ఆరో నెలలో వచ్చిన బిడ్డ పదమూడో నెలలో వెళ్ళిపోతుంది, ఈ వ్యాసం చెప్పిన మలుపుల్లో చాలావాటిని ఆ మధ్యనే దాటుతుంది. 2021 నుంచి వాడుకలో ఉన్న పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆ బిడ్డ పేరును వచ్చిన ఊరి అంగన్‌వాడీకి మార్చుకోవచ్చు, బాలామృతం ఇవ్వవచ్చు. బరువు తూచడానికి భాష అక్కరలేదు. మాటలు ఎన్ని వచ్చాయో నమోదు చేసేటప్పుడు మాత్రం టీచరు తనకు వినబడిన తెలుగు మాటలతో ఆగకుండా, ఇంట్లో బిడ్డ ఒడియాలో ఏమేం అంటుందో తల్లిని అడిగి వాటినీ కలిపి రాయాలి.